తోక లేని టేకు

సమాధి రాయి మీద అల్లుడి పేరు ఉండకూడదని రోసమ్మ అప్పటికి మూడుసార్లు చెప్పింది. చిలకలగూడలో రాళ్ళు చెక్కే ఓంప్రకాశ్ మూడుసార్లూ తల ఊపాడు. ఊపుతూనే కాగితం మీద ‘ఎలీనా’ అన్న పేరు కింద ఒక వరస ఖాళీ వదిలి, దాని కింద ‘లూకా, రోసమ్మల కుమార్తె’ అని రాసుకున్నాడు. పెళ్ళయిన ఆడమనిషి రాయి మీద ముందు భర్త పేరు, తర్వాతే తల్లిదండ్రుల పేర్లు. ముప్పై ఏళ్ళుగా అతని చెయ్యి ఎరిగిన వరస అది.

“ఎవరన్న చూస్తే ఓంప్రకాశ్ పేరు మరిచిపోయిండు అంటరమ్మా. నా పనికి మాటొస్తది.”

“మరిచిపోలేదు, తల్లి వద్దన్నదని చెప్పు.”

అతను రాయి మీద అతికించే గుండ్రటి పింగాణీ బిళ్ళ కోసం ఫొటో అడిగాడు. రోసమ్మ కొంగుముడి విప్పి కాలేజీ గుర్తింపు కార్డు తీసి ఇచ్చింది. అందులో ఎలీనా మొహం మీద సగం దాకా కాలేజీ ముద్ర పడి ఉంది. ఇది పెద్దగా చేస్తే మనిషి కనబడదు, ముద్ర కనబడుతుంది, ఫోన్లో దిగిన మంచి ఫొటో తెమ్మన్నాడు ఓంప్రకాశ్. ఆదివారానికి ఇంకా పన్నెండు రోజులున్నాయి, అయినా తొందరగా తెమ్మన్నాడు.

ఆ వచ్చే ఆదివారం కాక ఆపై ఆదివారానికి ఎలీనా పోయి ఏడాది. పొద్దున ఏడింటికి సమాధి దగ్గర జ్ఞాపకార్థ కూడిక, రాయి నిలబెట్టడం. చర్చి అయ్యగారికి చెప్పడం అయింది, సంఘంలో వాళ్ళకి చెప్పడం అయింది. ఒక్క అల్లుడు రోనాల్డ్‌కే చెప్పలేదు. చెప్పకపోవడమే కాదు, అతను గనక వస్తే రాయి మీద కప్పిన దుప్పటి తీసేది లేదని రోసమ్మ అయ్యగారి మొహం మీదే అనేసింది. ఆయన క్షమాపణ గురించి ఏదో ఎత్తుకోబోతే, మీ కూతురు బతికే ఉందిగా అయ్యగారూ అన్నది. ఆయన బైబిలు మూసేశారు.

ఎలీనాని రోనాల్డే చంపాడని రోసమ్మ అంటే, అది ఊరికే కడుపుమంట కొద్దీ అన్న మాట కాదు. ఆ మాట రోనాల్డ్ తన నోటితో తానే ఒప్పుకున్నాడు.

పెళ్ళయిన రెండేళ్ళకి ఇద్దరూ సెలవు పెట్టుకొని మాల్దీవుల్లో ఒక చిన్న దీవికి వెళ్ళారు. సముద్రం చూడాలన్నది ఎలీనా చిన్ననాటి కోరిక. ఆ దీవి ఒడ్డున మోకాలి లోతు నీళ్ళలోకి, చాటంత వెడల్పున పొడుగాటి తోకతో ఉండే టేకు చేపలు మందలుగా వస్తాయి. పెంచినవి కావు, సముద్రంలో తిరిగేవే. వాటి మధ్య మనుషులు దిగి ఈదుతారు. ఎలీనా దిగింది. ఒక టేకు తోక విసిరింది. తోక మీది ముల్లు తొడలో దిగి పెద్ద రక్తనాళం తెగింది. దీవిలో ఉన్నది చిన్న ఆసుపత్రి. పెద్దదానికి పడవలో గంటన్నర. ఆ దారిలోనే పోయింది.

శంషాబాద్‌లో విమానం సరుకు దింపే గేటు దగ్గర, పెట్టె ఇంకా బయటికి రాకముందే, రోనాల్డ్ వచ్చి అత్తగారి ముందు నిలబడ్డాడు. గడ్డం మాసి, కళ్ళు లోపలికి పోయి ఉన్నాడు.

“ఎలీనా వద్దన్నది అత్తమ్మా. నేనే దిగమన్న,” అన్నాడు.

జన్మంతా పెట్టెల కోసం కాచుకొని బతికిన మనిషి రోసమ్మ. నిజాంపట్నం నుంచి ఐసు పెట్టెల్లో చేపలు రైల్లో వచ్చేవి. సికిందరాబాదు స్టేషను పార్సిల్ ఆఫీసులో ఆ పెట్టెలు దింపే పని లూకాది, వాటి కోసం తెల్లవారకముందే వచ్చి కూర్చునే పని రోసమ్మది. వాళ్ళిద్దరూ కలిసిందే ఆ పెట్టెల దగ్గర. అలాంటిది ఆ రోజు కూతురు కూడా ఐసుతో పాటు పెట్టెలో వచ్చింది. మీద చీటీ అంటించి ఉంది. రోసమ్మ ఆ చీటీ చదివింది, అల్లుడి వైపు తిరిగింది, నువ్వే చంపావు అన్నది. అతను కాదనలేదు.

నలభయ్యో రోజు కూడికకి అతను వస్తే గేటు వేసేసింది. ఆదివారం ఆరాధన కాగానే ఆమె సమాధుల తోటకి వెళ్ళేసరికి అక్కడ అప్పటికే తాజా మల్లెపూలు ఉండేవి. అతనే పెట్టి పోయేవాడు. ఆమె వాటిని ఏరి, ప్రహరీ మీంచి అవతలికి విసిరేసేది. ఏడాదిలో ఒక్క ఆదివారం అతను మానలేదు, ఒక్క ఆదివారం ఆమె మానలేదు.

ఇప్పుడు ఫొటోల కోసం ఆ మనిషి గుమ్మం తొక్కాల్సి వచ్చింది. ఎలీనా ఫోను రోనాల్డ్ దగ్గరే ఉంది.

మర్నాడు మధ్యాహ్నం, అతను ఆఫీసులో ఉండే వేళ చూసుకొని, రోసమ్మ బస్సెక్కి సైనిక్‌పురి వెళ్ళింది. తలుపు తీసింది వియ్యపురాలు ఆలిస్. బడి పంతులమ్మగా చేసి రిటైరైన మనిషి, మాట మెత్తన. రా వదినా అని కుర్చీ వేసింది, టీ పెట్టింది. రోసమ్మ కుర్చీ అంచున కూర్చుంది, టీ ముట్టలేదు. వచ్చిన పని చెప్పింది.

ఆలిస్ గోడ వైపు చూసింది. గోడ మీద పెళ్ళి ఫొటో ఉంది.

“వాడు ఆ ఫోను ఎవరి చేతికీ ఇవ్వడు వదినా. రోజూ చార్జింగు మాత్రం పెడతాడు. నేను తుడవబోయినా ఒప్పుకోడు.”

“నాకు వాడితో పని లేదు. నా కూతురి ఫొటో కావాలి.”

“వాడు లేనప్పుడు ఇస్తే నా మీద అలుగుతాడు.” ఆలిస్ లేచింది. లోపలికి వెళ్ళి, చేతిరుమాలులో చుట్టిన ఫోను తెచ్చి రోసమ్మ ఒళ్ళో పెట్టింది. “అయినా తల్లివి. నీకు లేదంటే నాకు పాపం తగులుతుంది. తెరవడానికి నెంబరు అడుగుతుంది. నీ పుట్టిన సంవత్సరమేనట.”

రోసమ్మకి తన పుట్టిన సంవత్సరం తనకే సరిగ్గా తెలియదు. ఎన్నో ఏళ్ళ కింద రేషను కార్డు కోసం ఎలీనాయే లెక్కగట్టి ఒకటి నిర్ణయించింది. తల్లికి పుట్టినరోజు కూడా ఆ పిల్ల పెట్టిందే. ఆమె ఫోను కొంగులో కట్టుకొని, చల్లారిన టీ ఒక్క గుక్కలో తాగేసి బయటపడింది.

రాంగోపాల్‌పేట్ చేపల మార్కెట్టులో రోసమ్మ చోటు లోపలి వరసలో చివరిది. పక్కన బిక్షం చేపలు కోసే చెక్క మొద్దు. ఇరవై ఏళ్ళుగా ఇద్దరికీ ఇరుగుపొరుగు. చుట్టూ అందరూ చెరువు చేపలు, రవ్వ, బొచ్చె, కొరమీను అమ్ముతారు. సముద్రపు సరుకు, అందులో సొర, టేకు దొరికేది మాత్రం రోసమ్మ దగ్గరే. ఈ ఊళ్ళో టేకు పులుసు తెలిసినవాళ్ళు తక్కువ. రైల్వేలో పని చేసే కోస్తా వాళ్ళూ, బాలింతకి సొర కావాలని వెతుక్కుంటూ వచ్చేవాళ్ళూ, ఆమెకి వాళ్ళే బేరం. ‘సముద్రం రోసమ్మ’ అని పేరు పడింది. సముద్రం వదిలి నలభై ఏళ్ళయినా ఒక్కసారి తిరిగి వెళ్ళలేదు. ఎలీనాని తీసుకెళ్తానని ఏటా అనేది. ఆదివారం బేరం పోతుందని ఒకసారి, పండగ సరుకు వస్తుందని ఒకసారి, లూకాకి ఒంట్లో బాగాలేదని ఒకసారి, తర్వాత లూకా లేడని.

ఎలీనా ఆ మార్కెట్టులోనే పెరిగింది. ఐసు పెట్టె బోర్లించి దాని మీద కూర్చొని హోంవర్కు చేసుకునేది. తల్లికి చదువు రాదని తెలిశాక, పన్నెండేళ్ళ పిల్ల, ధరలు రాసే పలక మీద ఆమెకి అక్షరాలు దిద్దించింది. అ నుంచి మొదలుపెట్టి ఒక్కటి వదలకుండా. ‘ఋ’ ఎందుకే, దాంతో నాకేం పని అని రోసమ్మ విసుక్కుంటే, “వదిలితే ఎట్లమ్మా, అది గూడ ఉందిగదా,” అనేది. మొత్తం వచ్చేదాకా ఊరుకోలేదు. అప్పుడు బిక్షం నవ్వేవాడు. అక్క కలెక్టరైతే నా మొద్దు కూడా ఆమె పేర రాస్తా అనేవాడు.

పిల్ల తల్లికి అక్షరాలు నేర్పితే, తల్లి పిల్లకి చేపలు నేర్పింది. మొప్ప ఎత్తి తాజాదో కాదో చూడడం, వంజరం ఎముక వెంట కత్తి పోనివ్వడం. టేకు పట్టడం. టేకు జారుడు చేప, చాటలా వెడల్పుగా ఉంటుంది, ఎక్కడ పట్టుకున్నా చేతిలో నిలవదు. దాన్ని పట్టే చోటు ఒక్కటే. రెండు కళ్ళ వెనక రెండు రంధ్రాలుంటాయి. ఒకదాంట్లో బొటనవేలు, రెండోదాంట్లో నడిమివేలు పెట్టి బిగిస్తే ఎంత పెద్ద టేకైనా పళ్ళెంలా పైకి లేస్తుంది. రోసమ్మకి ఆ పట్టు నిజాంపట్నంలో ఆమె నాయన నేర్పాడు. ఎలీనాకి తొమ్మిదేళ్ళప్పుడు రోసమ్మ నేర్పింది. ఆ చిన్న వేళ్ళతో టేకుని ఎత్తి పట్టుకుంటే కొనడానికి వచ్చినవాళ్ళు ఆగి చూసేవాళ్ళు.

గురువారం మధ్యాహ్నం బేరాలు అయిపోయి, నేల కడిగి, ఈగలు తప్ప ఎవరూ లేని వేళ రోసమ్మ ఫోను తీసింది. తనకి నొక్కడం చేతకాక బిక్షం చేతికిచ్చింది. అతను చెయ్యి లుంగీకి తుడుచుకొని ఒక్కో ఫొటో జరుపుతూ చూపించాడు. విమానం కిటికీ. తెల్లటి ఇసక. కొబ్బరి చెట్ల కింద రోనాల్డ్ నిద్ర. ఇంకో రెండు జరిపాక రోసమ్మ ఆగు అన్నది.

ఒడ్డున చేపలు కడిగే రాతి బల్ల. దాని పక్కన నిలబడి ఎలీనా నవ్వుతోంది. మోచేతుల దాకా పొలుసులు. ఊరుగాని ఊళ్ళో ఎవరో చేపలు కోస్తుంటే ఊరుకోలేక తనూ కత్తి అందుకున్నట్టుంది. రోసమ్మకి ఆ నవ్వు తెలుసు. కష్టమైన చేప ముక్క చెదరకుండా కోసినప్పటి నవ్వు అది.

“ఇదే,” అన్నది. “ఓంప్రకాశ్‌కి ఇదే పంపు.”

“మంచిగుందక్కా. నీ పోలికే వచ్చింది, నవ్వితే,” అంటూ బిక్షం వేలు జరిపాడు. పక్కది ఫొటో కాదు. మధ్యలో బాణం గుర్తుంది. రోసమ్మ వద్దనేలోపు అది ఆడడం షురూ అయింది.

సాయంత్రపు వెలుగు. అద్దంలాంటి నీళ్ళు, అడుగున ఇసక గీతలు కూడా కనిపిస్తున్నాయి. ఎలీనా మోకాళ్ళ పై దాకా నీళ్ళలో, తడిసిన పొడుగు కుర్తాలో నిలబడి ఉంది. బల్ల దగ్గరి మనిషి చేప పేగులు నీళ్ళలోకి విసురుతున్నాడు. వాటి కోసం టేకులు వచ్చాయి. గోధుమరంగు చాటలు నీళ్ళలో తేలి వస్తున్నట్టు, రెక్కల అంచులు అలల్లా కదుపుతూ, ఆమె పాదాల మీంచి జారిపోతున్నాయి. చక్కిలిగింతలు పుట్టి ఎలీనా ముడుచుకొని నవ్వుతోంది. ఆ నవ్వు ఫోనులోంచి ఖాళీ మార్కెట్టులోకి వచ్చింది. ఏడాదిగా వినని ఆ గొంతు కోసం రోసమ్మ ఫోను తన చేతిలోకి తీసుకుంది.

అంతలో ఎలీనా వంగి చూసింది. “పాపం రోనీ, దీని నోట్లో గాలం ఇరుక్కుంది. తీగ వేలాడుతుంది చూడు.”

ఫోను పట్టుకున్న మనిషి గొంతు వినబడింది. “ముట్టుకోకు ఎల్లీ. ముట్టుకోవద్దని చెప్పిండ్రు కదా.”

“ఒక్క నిమిషం.”

“వద్దంటున్న గదా. బయటికి రా. నాకు భయమైతుంది, జెర విను.”

ఎలీనా వెనక్కి తిరిగి ఫోను వైపు చూసింది. మొహం నిండా నవ్వే. “నువ్వు పరేషాన్ కాకు. మా అమ్మ నేర్పిన పట్టు ఇది. ఇట్ల పట్టుకుంటే టేకు కదలదు.”

చెయ్యి నీళ్ళలోకి వెళ్ళింది. బొటనవేలు ఒక రంధ్రంలో, నడిమివేలు రెండోదాంట్లో. తల నీళ్ళలోంచి పైకి లేచింది. ఒక్క క్షణం ఆ టేకు నిజంగానే కదలలేదు. రెండో చేత్తో గాలం అందుకోబోతూ ఎలీనా గర్వంగా తల ఎత్తింది. ఆమె వెనక, నీళ్ళ అడుగున, పొడుగాటి నల్లటిదేదో మెలి తిరిగింది. తర్వాత ఆకాశం కనిపించింది, నీళ్ళు కనిపించాయి, రోనాల్డ్ పాదాలు పరిగెత్తడం కనిపించింది. అక్కడితో ఆగిపోయింది.

బిక్షం ఫోను మీంచి చూపు తిప్పుకున్నాడు. అతను చేపలు కోసేవాడు, అతనికి ఎవరూ విడమరిచి చెప్పనక్కర్లేదు. ఆ వేళ్ళు ఎక్కడ పెట్టిందో చూశాడు, ఆ పట్టు ఎవరిదో కూడా చూశాడు. కాసేపటికి, ఫోను ఇటివ్వు అక్కా, తీసేస్తా అన్నాడు.

రోసమ్మ ఇవ్వలేదు. ఏడవనూ లేదు. లేచి, అప్పటికే కడిగిన తన మొద్దును మళ్ళీ కడగడం మొదలుపెట్టింది. బకెట్టు నీళ్ళు అయిపోతే ఇంకో బకెట్టు తెచ్చుకుంది.

కడుగుతుంటే ఒక ఆదివారం గుర్తొచ్చింది. ఎలీనా తొమ్మిదేళ్ళది, ఐసు పెట్టె మీద నిలబడి, రెండు వేళ్ళతో టేకుని ఎత్తిపట్టుకొని దాని వెనక వైపు చూస్తోంది. అక్కడ కోసేసిన మొండి ఉంది. టేకు తోక ఈ ఊరి దాకా రాదు. వల పడవలోకి లాగగానే తోక కోసి సముద్రంలో పారేస్తారు. ఆ పని కాకుండా టేకుని పడవలోకి రానివ్వరు. రోసమ్మ నాయన ఒక్క వేటుకి నరికేవాడు. ఆయన రెండు మాటలు కలిపి చెప్పేవాడు. ముందు తోక చూడు, తర్వాత వేళ్ళు పెట్టు. రోసమ్మ ఈ ఊరు వచ్చాక, పెట్టెలో వచ్చేవన్నీ తోక కోసినవే గనక, మొదటి మాటతో పని పడలేదు.

“అమ్మా, దీని తోక ఏది?” అని అడిగింది పిల్ల ఆ రోజు.

ఎదురుగా జనం నిలబడి ఉన్నారు. ఆదివారం బేరం. “తోకతో మనకేం పని, చెయ్యి ఆడించు,” అన్నది రోసమ్మ.

పిల్ల చెయ్యి ఆడించింది. మళ్ళీ ఎన్నడూ అడగలేదు.

శుక్రవారం పొద్దున రోనాల్డ్ మార్కెట్టుకి వచ్చాడు. ఫోను కోసమే వచ్చాడు. ఆఫీసు బట్టల్లో, బూట్లు తడవకుండా వరసల మధ్య నుంచి నడుచుకుంటూ వచ్చి, గేటు వేయించుకున్నవాడిలా రెండు గజాల దూరంలోనే ఆగిపోయాడు. ఏడాదిలో జుట్టు పలచబడింది. గేటు వేసిన నాటి నుంచి రోసమ్మ అతన్ని తలెత్తి చూడడం అదే మొదటిసారి.

“ఫొటో దొరికితే ఫోను ఇచ్చెయ్యండి అత్తమ్మా. నేను పోత.”

“దిగమన్నది నువ్వేనా?”

“నేనే. చెప్పిన గదా.”

“ఎలీనా వద్దన్నదా?”

“వద్దన్నది. నేనే బలవంతం చేసిన.” చిన్నపిల్లాడు పద్యం ఒప్పజెప్పినట్టు చెప్పాడు. ఏడాదిగా కంఠతా పట్టిన మాట.

“చూశాను నాయనా,” అన్నది రోసమ్మ.

పక్కన బిక్షం గట్టిగా కత్తి నూరుతున్నాడు, తను వినడం లేదని తెలియడానికి. రోనాల్డ్ వచ్చి, ఒకప్పుడు ఎలీనా కూర్చునే చోట, బోర్లించిన ఐసు పెట్టె మీద కూలబడ్డాడు. బూట్ల కింద నీళ్ళు పారుతున్నా చూసుకోలేదు.

“తీసేద్దామనుకున్న. చానసార్లు అనుకున్న. కాని తన గొంతు ఆఖరుకి అందులోనే ఉంది అత్తమ్మా. వేలు పెడ్త, తీస్త. పెడ్త, తీస్త.”

“నేను నిన్ను ఏడాది పాటు తిట్టాను.”

“నాకు మా అమ్మ ఉంది. మీకెవరున్నరు? పడవలో ఎల్లీ మాట్లాడలే, ఏం చెప్పలే. దారంతా నేను ఒక్కటే అనుకున్న. ఈ సంగతి మీకు తెలిస్తే మీరు బతకరని.” అరచేత్తో మొహం తుడుచుకున్నాడు. “ఎవరో ఒకరు మోయాలె గదా. నేనైతే వయసులో ఉన్న.”

రోసమ్మ ఫోను అతని చేతిలో పెట్టింది. ఇంకేమైనా అంటుందేమోనని అతను కాసేపు కూర్చున్నాడు. ఆమె క్షమించమని అడగడానికి నోరు తెరిస్తే, ఎవరిని అడగాలో ఆ మనిషి లేదు. ఈ పిల్లాడిని అడిగితే, ఫరవాలేదు అత్తమ్మా అంటాడు. ఆ మాట వినే ఓపిక ఆమెకి లేదు. అతను లేచి వెళ్ళిపోయేటప్పుడు మాత్రం, వచ్చే శనివారం తెల్లారి ఐదున్నరకి ఇక్కడికి రా అని చెప్పింది.

ఆ మధ్యాహ్నమే ఓంప్రకాశ్ దగ్గరికి వెళ్ళింది. రాయి చెక్కడం అయిపోయింది. పేరు కింద ఒక వరస మేర నున్నగా, ఖాళీగా ఉంది. వద్దన్నా జాగా ఎందుకు వదిలావని అడిగితే, అతను సిగ్గుపడ్డట్టు తల గోక్కున్నాడు. కావాలని వదలలేదమ్మా, అలవాటైన చెయ్యి, చెక్కుకుంటూ పోతే అదే వదిలేసింది అన్నాడు. రోసమ్మ ఆ ఖాళీ మీద అరచెయ్యి పెట్టి చాలాసేపు నిలబడింది. తర్వాత, ‘రోనాల్డ్ భార్య’ అని చెక్కమన్నది. చెక్కినంతసేపూ పక్కనే కూర్చొని ఒక్కో అక్షరం చూసింది. ఒక్కటీ తప్పు పోలేదు.

నిజాంపట్నంలో సరుకు పంపే తిరుమల్‌కి ఫోను చేసి, ఒక టేకుని తోక కొయ్యకుండా పంపమంటే అతను ఒప్పుకోలేదు. ఎవరికైనా గుచ్చుకుంటే తన పీకల మీదికొస్తుంది, ఇన్నేళ్ళలో ఎన్నడూ లేనిది ఇప్పుడెందుకు అన్నాడు. రోసమ్మ, పంపితేనే ఇక ముందు నీ దగ్గర సరుకు అన్నది. శనివారం తెల్లవారుజామున పార్సిల్ ఆఫీసులో మిగతా పెట్టెలతో పాటు ఒక పొడుగాటి పెట్టె వచ్చింది. తోక మీద గోనెపట్టా చుట్టి, తాడు బిగించి ఉంది.

రోనాల్డ్ ఐదున్నరకే వచ్చాడు. మార్కెట్టులో దీపాలు ఇంకా ఆర్పలేదు. ఆదివారం సరుకు దిగుతోంది, ఐసు కొట్టే చప్పుడు, అరుపులు. రోసమ్మ టేకుని మొద్దు మీద పరిచింది. తాడు విప్పింది. చుట్టుపక్కల అమ్మేవాళ్ళు పని ఆపి వచ్చి చూశారు. ఈ మార్కెట్టులో పుట్టి పెరిగినవాళ్ళు కూడా టేకు తోకని అంతకుముందు చూడలేదు. కొరడాలా ఉంది. మొద్దు మీంచి వేలాడి దాదాపు నేలని తాకుతోంది.

“దగ్గరికి రా,” అన్నది రోసమ్మ అల్లుడితో. “చొక్కా చేతులు మడుచుకో.”

“ఏంది అత్తమ్మా ఇదంతా? ఎందుకు?”

“చెప్పాల్సినవాళ్ళకి చెప్పలేదు. నీకైనా చెప్పనీ.”

అతను చేతులు మడుచుకున్నాడు. మొహం పాలిపోయింది, అయినా వెనక్కి పోలేదు.

రోసమ్మ కత్తి మొనతో తోక మొదట్లో ఒక చోట చూపింది. చర్మానికి అంటుకొని, చూడకపోతే కనబడనట్టుగా, జానెడు ముల్లు. కత్తితో కాస్త ఎత్తితే రెండు వైపులా రంపపు పళ్ళు కనిపించాయి.

“ముందు ఇది చూడాలి,” అన్నది. గొంతు మామూలుగానే ఉంది, బడిపిల్లకి చెప్పే గొంతు. “తల దగ్గర ఎంత గట్టిగా పట్టినా తోక నీ చేతిలో ఉండదు. తల నీది, తోక దానిది. ప్రాణమున్న టేకుని ఎత్తకూడదు. తోక తెగిందా లేదా చూసుకోవాలి. తర్వాతే వేళ్ళు. అర్థమైందా?”

“అర్థమైంది అత్తమ్మా.”

“అయితే చెప్పు.”

“ముందు తోక చూడాలె. తర్వాత వేళ్ళు.”

“ఇంకోసారి చెప్పు.”

అతను చెప్పాడు. ఇంకోసారి అంటే ఇంకోసారి చెప్పాడు. నాలుగోసారి చెప్పబోతుంటే బిక్షం వచ్చి ఆమె భుజం పట్టుకున్నాడు. చాలక్కా అన్నాడు మెల్లగా. చుట్టూ నిలబడ్డవాళ్ళు ఒక్కొక్కరే తమ తమ చోట్లకి పోయారు.

రోసమ్మ కత్తి ఎత్తి, నాయన నరికినట్టే, ఒక్క వేటుకి తోక నరికింది. మొండి మీద ఐసు పెట్టింది. రేపు పొద్దున ఏడింటికి సమాధి దగ్గరికి రమ్మని, మల్లెపూలు తెమ్మని, దుప్పటి ఇద్దరం కలిసి తీద్దామని అల్లుడికి చెప్పింది. అతను తల ఊపాడు.

తోక ఇంకా ఆమె చేతిలోనే ఉంది. నిజాంపట్నంలో అయితే కోయగానే పడవ మీంచి సముద్రంలోకి విసిరేసేవాళ్ళు, దాని గురించి మళ్ళీ ఎవరూ తలుచుకునేవాళ్ళు కాదు. ఇక్కడ ఎక్కడ పారెయ్యాలో ఆమెకి తోచలేదు. చెత్తబుట్టలో వేస్తే తవ్వి తీసేవాళ్ళ చేతికి గుచ్చుకుంటుంది. మురిక్కాలవలో వేస్తే కుక్కలు లాగుతాయి. బేరాలు మొదలైనా, కొనేవాళ్ళు వచ్చి ఎదురుగా నిలబడినా, ఆమె దాన్ని న్యూస్‌పేపరులో చుట్టి, మళ్ళీ విప్పి, మళ్ళీ చుట్టి, రెండు చేతులతో పట్టుకొని అలాగే నిలబడి ఉంది.